గిరినాగు – గృహస్థులు తెలుసుకోవలసిన సంగతులు

భూమి మీద గల విషసర్పాలన్నిటిలోను పొడవైనది గిరినాగు. దీనిని రాచనాగు అనీ, కొన్నిచోట్ల నల్లత్రాచు అనీ వ్యవహరిస్తారు. ఉత్తరాంధ్రలోని తూర్పు కనుమల అడవులు దీని నివాసస్థానాలు. మా కోటబొమ్మాళి మైదానంలో ఉన్నప్పటికీ, ఉత్తరంగా మందస, మెళియాపుట్టి వైపు సాగితే మహేంద్రగిరి కొండల వరుస ఎదురవుతుంది. ఆ కొండల అంచున ఏ జీడితోటలోనో, ఏ గెడ్డ ఒడ్డునో గిరినాగు కనిపించినదన్న వార్త అప్పుడప్పుడు వినవస్తూనే ఉంటుంది.

కోటబొమ్మాళిలో ఆయుర్వేద వైద్యం చేసే నన్ను, తొలకరి పడగానే అనేకులు రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటిది: "పాముకాటుకు ఇంట్లో ఉంచుకోదగిన వేరు ఏదైనా ఉంటే చెప్పండి బాబూ." రెండవది: "గిరినాగు ఊరి దగ్గరకు వచ్చినదట, చంపించవద్దా?" ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట ఉన్నది. అది ఆ పాముల స్వభావాన్ని తెలుసుకొనడంలోనే ఉన్నది. అందుచేత ముందుగా గిరినాగు జీవితాన్ని, తరువాత మన ఇళ్ళలో నిజంగా ప్రాణాపాయం కలిగించే పాములను, చివరగా చేయవలసిన, చేయకూడని పనులను వివరిస్తాను.

రూపం, గుర్తులు

బాగా ఎదిగిన గిరినాగు సాధారణంగా 10 నుండి 13 అడుగుల పొడవు ఉంటుంది. అరుదుగా 18 అడుగుల వరకు పెరిగినవి కూడా నమోదయ్యాయి. శరీరం గోధుమ, ఆకుపచ్చ, నలుపు ఛాయలలో ఉండి, దాని మీద లేత రంగు అడ్డపట్టీలు కనిపిస్తాయి. గొంతు భాగం పసుపు ఛాయలో ఉంటుంది. పడగ ఉన్నది గాని, అది నాగుపాము పడగవలె వెడల్పైనది కాదు. సన్నగా, పొడవుగా ఉంటుంది. నాగుపాము పడగ వెనుక కళ్ళజోడు వంటి గుర్తు ఉంటుంది. గిరినాగుకు ఆ గుర్తు లేదు.

పొడవైన పాము కనబడగానే గిరినాగు అని భయపడి జెర్రిపోతును చంపివేయడం మన పల్లెలలో తరచుగా జరుగుతున్నది. జెర్రిపోతుకు పడగ లేదు, విషమూ లేదు. పొలాలలో ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ప్రాణి అది.

1836లో కాంటర్ అనే శాస్త్రజ్ఞుడు గిరినాగును తొలిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. నాటి నుండి దాదాపు రెండు శతాబ్దాల పాటు దీనిని ఒకే జాతిగా భావించారు. 2024లో పి. గౌరీశంకర్ మొదలైన పరిశోధకులు, ఇది నిజానికి నాలుగు జాతులని నిరూపించారు. పడమటి కనుమలలోనిది ఒక జాతి. హిమాలయ పాదాల నుండి తూర్పు భారతం మీదుగా ఆగ్నేయాసియా వరకు వ్యాపించినది వేరొక జాతి.

ఆహారం

గిరినాగు శాస్త్రీయ నామం ఓఫియోఫేగస్. ఆ మాటకు 'సర్పభక్షి' అని అర్థం. పేరుకు తగినట్లే దీని ముఖ్యాహారం ఇతర సర్పాలు. జెర్రిపోతులను విశేషంగా తింటుంది. నాగుపాములను, కట్లపాములను, చిన్న కొండచిలువలను, అరుదుగా ఉడుములను కూడా తింటుంది. ఒక పెద్ద పామును మింగిన తరువాత కొన్ని వారాల పాటు ఆహారం లేకుండా ఉండగలదు.

ఇది ప్రధానంగా పగటివేళ సంచరిస్తుంది. చీలిన నాలుకతో గాలిలోని, నేలపైని వాసనకణాలను గ్రహించి, నోటి పైభాగంలో ఉన్న ప్రత్యేక అవయవానికి అందించి, ఎర పోయిన దారిని పట్టుకొంటుంది. దీని చూపు కూడా తీక్ష్ణమైనదే. దూరాన మనిషి కదలికను గుర్తించి ముందుగానే తప్పుకొని పోతుంది. అడవిలో కట్టెలకు, చింతపండుకు తిరిగేవారు సైతం దీనిని అరుదుగా చూడడానికి కారణం ఇదే.

గిరినాగు తోటలలోకి, ఇళ్ళ పరిసరాలకు రావడానికి కారణం మనుషుల మీద పగ కాదు, ఎర కోసం వెదుకులాట. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలు ఉన్నచోట జెర్రిపోతులు, నాగుపాములు, వాటి వెంట గిరినాగు. ఈ గొలుసును అర్థం చేసుకొన్నవారికి నివారణోపాయం కూడా అర్థమవుతుంది.

గూడు కట్టే పాము

సర్పజాతిలో ఆకులను పోగుచేసి గూడు కట్టుకొనేది గిరినాగు ఒక్కటే. వేసవిలో, వర్షాలకు ముందుగా ఆడపాము వెదురు పొదల దగ్గర, చెట్ల మొదళ్ళలో ఎండుటాకులను తన శరీరపు చుట్టలతో దగ్గరకు లాగి కుప్పగా పోస్తుంది. దానికి చేతులు లేవు, ముక్కు లేదు. శరీరమే దానికి పనిముట్టు. ఆ కుప్ప నడుమ సుమారు 20 నుండి 40 గుడ్లు పెడుతుంది. ఆకులు కుళ్ళుతున్నప్పుడు పుట్టే వేడి గుడ్లను పొదుగుతుంది. పైన ఒత్తుగా పరచిన ఆకులు వాననీటిని లోపలికి దిగనీయవు.

గుడ్లు పగలడానికి రెండు నుండి మూడు నెలలు పడుతుంది. ఈ కాలంలో ఆడపాము గూటిని కనిపెట్టుకొని ఉంటుంది. పిల్లలు బయటకు వచ్చే ముందు గూటిని విడిచి వెళ్ళిపోతుంది. తాను సర్పభక్షి గనుక, ఆకలితో తన పిల్లలనే తినకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పిల్లలు సుమారు అడుగు, అడుగున్నర పొడవుతో, నల్లని శరీరంపై తెల్లని లేదా పసుపు పట్టీలతో ఉంటాయి. పుట్టినప్పటి నుండే వాటికి విషం ఉంటుంది.

గూటి కాలంలోనే ఆడపాము మనిషిని ఎదిరించే అవకాశం అధికం. వెదురు కొట్టేవారు, జీడితోటలలో ఎండుటాకులు ఊడ్చేవారు వేసవి చివరలో ఆకుల కుప్పలను చేతులతో కదపరాదు. కర్రతో తట్టి, దూరం నుండి పరిశీలించిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

కోపిష్ఠి కాదు

పారిపోయే దారి లేనప్పుడు గిరినాగు తన శరీరంలో మూడవ వంతును నేల నుండి పైకి లేపి నిలబడుతుంది. 12 అడుగుల పాము నాలుగడుగుల ఎత్తున నిలిచి, పడగ విప్పి, కుక్క గుర్రుమన్నట్లు గంభీరంగా బుసకొడుతుంది. చూచినవారికి గుండె ఆగినంత పని అవుతుంది. అయితే అది హెచ్చరిక మాత్రమే. మనిషి మెల్లగా వెనుకకు తగ్గితే, అదీ తగ్గి తన దారిన పోతుంది. కాట్లలో అధికభాగం దానిని పట్టబోయినప్పుడో, కొట్టబోయినప్పుడో జరుగుతున్నవే.

పాములు పగపడతాయన్నది, పాలు త్రాగుతాయన్నది వాస్తవాలు కావు. తమను కొట్టినవారిని గుర్తుపెట్టుకొని వెదకివచ్చే శక్తి వాటి మెదడుకు లేదు. పాలు వాటి ఆహారం కాదు. నాగుల చవితినాడు పుట్టలో పోసే పాలు మన భక్తికి చిహ్నమే గాని పాముకు పథ్యం కాదు. బంధించి, దప్పికతో మాడ్చి పాలు త్రాగించిన పాములు తరచుగా రోగగ్రస్తమై చనిపోతాయి. పాములవాళ్ళ బుట్టలోని పాముకు పాలు పోయవద్దని ఇందుచేతనే చెబుతున్నాను.

విషం పనిచేసే తీరు

గిరినాగు కోరలు సుమారు అర అంగుళం మాత్రమే ఉంటాయి. కాని విషగ్రంథులు పెద్దవి. ఒక కాటులో 6, 7 మిల్లీలీటర్ల వరకు విషం విడువగలదు. చుక్కకు చుక్క పోల్చి చూస్తే నాగుపాము విషమే దీనికంటె తీవ్రమైనది. గిరినాగు విషంలోని ప్రమాదమంతా దాని పరిమాణంలో ఉన్నది.

మన నరాల చివరి నుండి కండరానికి ఒక రసాయనం ద్వారా ఆజ్ఞ అందుతుంది. కండరం మీద ఆ రసాయనాన్ని స్వీకరించే ద్వారాలు ఉన్నాయి. పాము విషం ఆ ద్వారాలకు అడ్డుపడి కూర్చుంటుంది. తాళంలో వేరొక తాళంచెవి ఇరుక్కుంటే అసలైనది దూరనట్లే, నరం పంపిన ఆజ్ఞ కండరానికి చేరదు. మొదట కనురెప్పలు వాలిపోతాయి. వస్తువులు రెండుగా కనిపిస్తాయి. మాట ముద్దగా వస్తుంది, మింగుడుపడదు. చివరకు శ్వాసకండరాలు నిలిచిపోతాయి. తీవ్రమైన గిరినాగు కాటులో అరగంటలోపే ప్రాణాపాయం కలుగవచ్చును. ఆ సమయంలో ప్రాణం నిలిపేది యంత్రం ద్వారా ఇచ్చే కృత్రిమ శ్వాస.

ఇక్కడ ఒక ముఖ్యవిషయం ఉన్నది. మనదేశంలో వాడుకలో ఉన్న పాముకాటు విరుగుడు ఇంజక్షను నాలుగు జాతుల పాముల విషానికి తయారైనది. గిరినాగు వాటిలో లేదు. దీని విషానికి ప్రత్యేకమైన విరుగుడును థాయిలాండు దేశపు రెడ్‌క్రాస్ సంస్థ తయారుచేస్తున్నది. అందుచేత గిరినాగు కాటుకు ఉత్తమమైన చికిత్స, కాటు పడే పరిస్థితిని తెచ్చుకోకుండుటయే. దానిని చంపబోయే మనిషి, ఆ పరిస్థితిని స్వయంగా తెచ్చుకొంటున్నాడు.

మన ఇళ్ళలో ప్రాణం తీసేవి ఏవి?

"చిన్న పామైనా పెద్ద కర్రతో కొట్టాలి" అని మనవారి సామెత. కర్ర సంగతి ఎట్లున్నా, చిన్న పామును తేలికగా తీసుకొనరాదన్నంత వరకు ఈ సామెత నిజం. గిరినాగు కాటు వలన మనుషులు మరణించడం బహు అరుదు. ప్రాణాలు తీస్తున్నవి పొడవులో దానికి సగం కూడా లేని పాములు. అవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి.

నాగుపాము ఎలుకల కోసం గాదెల దగ్గరకు వస్తుంది. కట్లపాము రాత్రివేళ ఇంట్లోకి వచ్చి నేలమీద పడుకొన్నవారిని కరుస్తుంది. దాని కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడం కనిపిస్తే అజీర్ణమనుకొని వాము కషాయం ఇచ్చి కూర్చోరాదు. రక్తపింజరి పొలం గట్ల మీద, గడ్డివాముల క్రింద ఉండి, కోతల కాలంలో కాళ్ళను, చేతులను కరుస్తుంది. దాని విషం రక్తం గడ్డకట్టే శక్తిని హరించి, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చిన్న పింజరి మెట్టప్రాంతాలలో, రాళ్ళ సందులలో ఉంటుంది. దాని విషం కూడా రక్తం మీదనే పనిచేస్తుంది.

రక్తపింజరికీ మన ఉత్తరాంధ్రకూ ఒక చారిత్రక సంబంధం ఉన్నది. 18వ శతాబ్దం చివరలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా విశాఖపట్నంలో నివసించాడు. విషపు పామును సామాన్యుడు గుర్తించగలిగితే సగం అపాయం తప్పుతుందని తలచి, పాములను సేకరించి పరిశీలించాడు. 1796లో కోరమండల్ తీరపు సర్పాలపై గ్రంథం ప్రకటించాడు. అందులో ఈ పామును తెలుగువారి పేరుతోనే 'కాటుక రేకుల పొడ' అని పేర్కొన్నాడు. కాటుక దిద్దిన రేకుల వంటి మచ్చలు గలదని ఆ పేరుకు భావం. నేడు ఆంగ్లంలో ఆ పాము రస్సెల్ పేరుతోనే పిలువబడుతున్నది. పాముకాటుకు దివ్యౌషధమని నాడు పేరుపడిన తంజావూరు మాత్రలను కూడా ఆయన పరీక్షించి, పనిచేయవని తేల్చాడు.

2000 నుండి 2019 వరకు మనదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో ప్రకటితమైన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసినది. అంతకు ముందు 2011లో వెలువడిన అధ్యయనం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా సుమారు 5,200 మరణాలని లెక్కించినది. మరణించినవారిలో 77 శాతం ఆసుపత్రి వెలుపలనే ప్రాణాలు విడిచారని కూడా అందులో తేలినది. మందు లేక పోయిన ప్రాణాలకంటె మందు దగ్గరకు చేరక పోయినవే అధికం. పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది. మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని భారత ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించినది.

ఆయుర్వేదం చెప్పినదేమి?

ఆయుర్వేదం యొక్క ఎనిమిది అంగాలలో విషచికిత్స ఒకటి. దానికి అగదతంత్రమని పేరు. సుశ్రుతుడు కల్పస్థానంలో సర్పాలను 80 విధాలుగా పేర్కొని, విషసర్పాలను ముఖ్యంగా మూడు తెగలుగా చెప్పాడు. పడగ గలవి దర్వీకరాలు, మండలాకారపు మచ్చలు గలవి మండలులు, చారలు గలవి రాజిమంతాలు. దర్వీకర విషం వాతాన్ని, మండలి విషం పిత్తాన్ని, రాజిమంత విషం కఫాన్ని ప్రకోపింపజేస్తుందని ఆయన మాట. నాగుపాము విషం నరాల మీద, పింజరి విషం రక్తం మీద పనిచేస్తాయన్న నేటి జ్ఞానంతో దీనిని పోల్చి చూచినప్పుడు ప్రాచీనుల పరిశీలనాశక్తికి ఆశ్చర్యం కలుగుతుంది. చరకుడు కూడా విషానికి 24 ఉపక్రమాలు చెప్పాడు.

కాని శాస్త్రాన్ని గౌరవించడమంటే, దాని పేరిట ప్రాణాన్ని పణంగా పెట్టడం కాదు. రక్తంలో కలిసిన విషాన్ని పట్టి నిర్వీర్యం చేస్తుందని నేటి పరీక్షలలో నిరూపణ పొందినది విరుగుడు ఇంజక్షను ఒక్కటే. వేరు, ఆకు, పసరు ఏదీ ఆ పని చేయలేదు. పాముకాటుకు ఈశ్వరి వేరు నూరి త్రాగించే అలవాటు ఉన్నది. ఆ మొక్కలోని ఒక ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందని, క్యాన్సరును కలిగిస్తుందని రుజువైనది. రక్తపింజరి కాటుతో ఇదివరకే దెబ్బతిన్న మూత్రపిండాలకు అది మరొక దెబ్బ. సర్పగంధ పేరులో సర్పం ఉన్నది గాని, అది రక్తపోటును తగ్గించే మూలిక. రక్తపోటు పడిపోతున్న రోగికి అది కీడే చేస్తుంది.

వేపాకు నమిలించి చేదు తెలిస్తే విషం లేదనడం, కోడిపిల్లను గాటుకు ఆనించడం, నల్లరాయి అంటించడం, మంత్రం వేయించడం – ఇవన్నీ కాలహరణమే. కరిచిన పాములలో విషం లేనివి అనేకం. విషసర్పం కూడా ప్రతి కాటులోను విషం విడువదు. అట్టి సందర్భాలలో రోగి తనంతట తానే కోలుకొంటాడు, పేరు మంత్రానికి వస్తుంది. ఆ పేరును నమ్మి మరొకరు ప్రాణం పోగొట్టుకొంటారు. కావున మొదటి ప్రశ్నకు నా సమాధానం: ఇంట్లో ఉంచుకోదగిన వేరు లేదు. ఉంచుకోవలసినది 108కు ఫోను చేయాలన్న జ్ఞాపకం.

కాటు పడినప్పుడు చేయవలసినవి

1. రోగికి ధైర్యం చెప్పి పడుకోబెట్టండి. నడిపించవద్దు, పరుగెత్తనీయవద్దు.

2. కరిచిన చేతిని లేదా కాలిని, ఎముక విరిగినప్పుడు కట్టినట్లుగా బద్దతో కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, మట్టెలు, మొలత్రాడు వెంటనే తీసివేయండి. వాపు వచ్చిన తరువాత అవి బిగుసుకుపోతాయి.

3. తాడుతో బిగించి కట్టవద్దు. రక్తప్రసారం ఆగి అవయవం కుళ్ళిపోవచ్చును. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంచు పెట్టడం కూడదు.

4. వాంతులు అవుతుంటే ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. సారా, కాఫీ, కషాయం ఏదీ ఇవ్వవద్దు.

5. పామును చంపి తీసుకొని వెళ్ళనవసరం లేదు. చంపబోయి మరొకరు కాటు తినడం జరుగుతున్నది. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు.

6. కాటు పడిన సమయాన్ని గుర్తుంచుకొని, సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. మా ప్రాంతం వారికి టెక్కలి, శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

ఆసుపత్రిలో రోగి రక్తాన్ని గాజునాళికలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినదని నిర్ణయిస్తారు. రెప్పలు వాలుతున్నవో లేవో మాటిమాటికీ పరీక్షిస్తారు. విరుగుడును నరం ద్వారా ఎక్కిస్తారు. పిల్లలకు, పెద్దలకు ఒకే మోతాదు. మనిషి చిన్నవాడైనంత మాత్రాన పాము విడిచే విషం తగ్గదు గదా! ఈ మందు కొందరికి పడకపోవచ్చును గనుక వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

ఇంటి జాగ్రత్తలు

నేలపై పడుకొనడం మాని మంచం వాడండి. దోమతెరను పరుపు క్రిందికి దోపుకొని నిద్రించండి. కట్లపాము నుండి ఇంతకు మించిన రక్షణ లేదు, దోమల బాధ కూడా తీరుతుంది. రాత్రి పెరటిలోకి వెళ్ళేటప్పుడు టార్చిలైటు, చెప్పులు తప్పనిసరి. కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు ఇంటి గోడకు ఆనించి పేర్చవద్దు. ధాన్యం బస్తాలను బల్లపై ఉంచి, ఎలుక కన్నాలను పూడ్చండి. కోళ్ళగూటిని పడకగదికి దూరంగా ఉంచండి. వెల్లుల్లి రసం, ఇంగువ నీళ్ళు చల్లితే పాములు రావనడానికి ఆధారం లేదు. వాటిని నమ్మి మిగతా జాగ్రత్తలు విడువరాదు.

గిరినాగు కనిపిస్తే

ఇక రెండవ ప్రశ్న. గిరినాగు కనిపించినప్పుడు పిల్లలను, పశువులను, కుక్కలను దూరంగా తీసుకొనిపోయి, దానికి పోయే దారి విడిచిపెట్టండి. ఇంట్లో చేరితే తలుపు మూసి అటవీశాఖవారికి కబురు చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ ప్రకారం ఇది మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. దీనిని చంపడం శిక్షార్హమైన నేరం. విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం, అటవీశాఖ సహకారంతో గిరినాగులను రక్షించి అడవిలో విడుస్తున్నది. గ్రామస్థుల తోడ్పాటుతో వాటి గూళ్ళకు కాపలా ఏర్పాటు చేస్తున్నది.

మనల్ని కరిచే నాగుపామును, కట్లపామును తినే ప్రాణి గిరినాగు. అది కొండ మీద బ్రతికి ఉండడం వలన మనకు నష్టం లేదు. మన భయం పెరటిలోని కట్టెల మోపు వైపు, నేలపై పరచిన చాప వైపు తిరగాలి. ఈ వర్షాకాలం రాకముందే మీ ఇంట్లో మంచాలు, దోమతెరలు, టార్చిలైటు సరిచూచుకోండి. ఇంటిల్లిపాదికీ 108 సంఖ్యను, ప్రథమ చికిత్సలోని ఆరు సూత్రాలను చదివి వినిపించండి.